చలికి మొరాయించే ట్రాక్టర్

తమ్ముళ్లూ, సంక్రాంతి రోజుల్లో ఆదిలాబాద్ వైపు తెల్లవారుజామున చలి 10 డిగ్రీల లోపుకు దిగుతుంది. ట్రాక్టర్ స్టార్ట్ కాకపోతే మనవాళ్లు ముందు పంపు విప్పిస్తారు. కిరాయి దున్నకం ఒకరోజు పోయినట్టే!

డీజిల్ ఇంజన్‌కు స్పార్క్ ప్లగ్ ఉండదు. సిలిండర్‌లో గాలిని సుమారు 17వ వంతుకు నొక్కితే పుట్టే వేడికే డీజిల్ అంటుకుంటుంది. చల్లటి ఇనుము ఆ వేడిని లాగేసుకుంటుంది. చలికి బ్యాటరీ బలమూ తగ్గుతుంది. ఇంజన్ నెమ్మదిగా తిరిగితే చాలినంత వేడి పుట్టదు.

అందుకే ముందు హెడ్‌లైట్ వేసి సెల్ఫ్ కొట్టి చూడండి, 10 సెకన్లు మించకుండా. లైటు బాగా మసకబారితే బ్యాటరీ వైర్లు తీసి, టెర్మినళ్ల మీది తెల్లపొడి శుభ్రంచేసి బిగించండి. ఇంజన్ జోరుగా తిరిగినా పొగే రాకపోతే డీజిల్ అందడం లేదు. ఫిల్టర్ మీది బోల్టు వదులుచేసి, చేతిపంపు కొట్టి గాలి తీయాలి. తెల్లపొగ వస్తే డీజిల్ అందుతోంది, వేడే చాలడం లేదు. అప్పుడు ఎండ తగిలేదాకా ఆగడమే నయం. కొందరు ఇంజన్ కింద గడ్డి మంట వేస్తారు, ఆయిల్ కారిన బండికి అది చితే.