మోటారు సైకిలు ఇంజను కంప్రెషను - సరిగా కొలుచు విధము

పాలక్యాన్లు, కూరగాయల మూటలు, ఎరువుల బస్తాలు మోయు పని నేడు పల్లెలలో చాలవరకు మోటారు సైకిలు మీదనే పడినది. బండి లాగుడు తగ్గినపుడు మెకానిక్ గేజి పెట్టి చూచి, "కంప్రెషను పోయినది, బోరు చేయించవలెను" అనుట కద్దు. ఇది వేల రూపాయల ఖర్చు. పని రోజులలో బండి షాపులో నిలిచిపోవును. కావున ఒప్పుకొనుటకు ముందు, ఆ కొలత సరిగా తీసినదేనా అని విచారించవలెను. కొలుచుటలో లోపమున్నచో మంచి ఇంజను కూడ చెడినట్లే కనబడును.

పిస్టను పైకి వచ్చునపుడు సిలిండరులోని గాలి నొక్కబడును. ఆ గాలి బయటికి పోకుండ ఆపునవి రింగులు, వాల్వులు, హెడ్ గాస్కెట్టు. ప్లగ్గు రంధ్రములో గేజి బిగించి ఆ ఒత్తిడిని కొలుతురు.

పరీక్ష చేయు క్రమము:

1. ఇంజను చల్లగా ఉన్నపుడే వాల్వు సందు చూచి సరిచేయవలెను. సందు లేనిచో వాల్వు పూర్తిగా మూసికొనదు.

2. తరువాత పది నిమిషములు బండి నడిపి, ఇంజనును వేడి చేయవలెను. ప్లగ్గు చుట్టు దుమ్ము తుడిచి, చేయి కాలకుండ ప్లగ్గు తీయవలెను.

3. ప్లగ్గును దాని తీగకే తగిలించి, రంధ్రమునకు దూరముగా ఇంజను లోహమునకు ఆనించి ఉంచవలెను. 2020 ఏప్రిల్ తరువాత తయారైన బండ్లలో చాలవరకు ఇంజెక్టరు ఉండును. దాని కనెక్టరు ఊడదీయవలెను.

4. చోక్ తీసి, యాక్సిలరేటరును పూర్తిగా తిప్పి పట్టుకొనవలెను. ఇది మరచినచో ఇంజనుకు గాలి అందక కొలత బాగా తగ్గును.

5. గేజి ముల్లు పెరుగుట ఆగువరకు, సుమారు ఆరు నుండి ఎనిమిది మార్లు, బలముగా కిక్కు కొట్టవలెను. సెల్ఫు వాడినచో బ్యాటరీ నిండుగా ఉండవలెను. రెండు మూడు మార్లు కొలిచి, కొలతలు కలిసిన పిమ్మట వ్రాసికొనవలెను.

గేజి విషయములో ప్రత్యేక జాగ్రత్త అవసరము. 100 సి.సి. ఇంజనులో గాలి 9 రెట్లు నొక్కబడునట్లు చేసినచో, పిస్టను పైన మిగులు చోటు 12.5 సి.సి. మాత్రమే. గేజి గొట్టము మరియొక 5 సి.సి. చోటు కలిపినచో గాలి 7 రెట్లు కూడ నొక్కబడదు. కావున గాలిని వెనుకకు పోనీయని చిన్న వాల్వు, గొట్టమునకు ప్లగ్గు వైపు కొననే ఉన్న గేజిని వాడవలెను. గేజి మర పొడవు ప్లగ్గు మర పొడవుతో సమానముగా ఉండవలెను.

కొలత తక్కువ వచ్చినచో ప్లగ్గు రంధ్రములో 2 మిల్లీలీటర్ల ఇంజను ఆయిలు పోసి మరల కొలువవలెను. కొలత బాగా పెరిగినచో రింగులు లేక బోరు అరిగినవని భావించవచ్చును. పెరగనిచో వాల్వులనో గాస్కెట్టునో అనుమానింపవలెను. అట్టిచో బోరు ఖర్చు వృథా. ఆయిలు ఎక్కువ పోయరాదు. ఆయిలే చోటు ఆక్రమించి కొలతను పెంచును.

వచ్చిన కొలతను మీ బండి సర్వీసు పుస్తకములోని అంకెతోనే పోల్చవలెను. వేరొక బండితో పోల్చరాదు. కొన్ని బండ్లలో కిక్కు తేలిక చేయుటకు వాల్వును కొంచెము తెరచి ఉంచు ఏర్పాటు కలదు. అట్టి బండ్లలో తక్కువ అంకె సహజము. సముద్రతీరము కంటె 500 మీటర్లకు పైగా ఎత్తునగల హైదరాబాదులో గాలి ఒత్తిడి సుమారు నూటికి 6 వంతులు తక్కువ. కొలత కూడ ఆ మేరకు తగ్గును. పుస్తకములో అంకె కిలోలలో ఉండి, గేజి పౌండ్లలో చూపినచో, చదరపు సెంటీమీటరుకు 1 కిలో అనగా చదరపు అంగుళమునకు సుమారు 14.2 పౌండ్లని లెక్కించవలెను.

బండి బాగున్నపుడే ఒకమారు కొలిపించి, తేదీతో వ్రాసి ఉంచుకొనుడు. ఏటేట అదే గేజితో కొలిచినచో ఇంజను అరుగుదల ముందుగానే తెలియును. మరమ్మతును పనులు లేని రోజులలో చేయించుకొనవచ్చును.