కడుపులో బిడ్డకు వెల కట్టగలమా?



విత్తనాలు కొనేటప్పుడు మన రైతు ఎంతో జాగ్రత్త పడతాడు. శనగ అయినా, మిర్చి అయినా రకం అడుగుతాడు, మొలక చూస్తాడు, తాలు గింజను ఏరి పారేస్తాడు. అందులో తప్పేమీ లేదు. పంట ఉన్నది మనిషి కోసం. మరి మనిషి ఉన్నది దేని కోసం? కడుపులోని బిడ్డను కూడా అలాగే పరీక్షించి, నచ్చితే ఉంచుకొని, నచ్చకపోతే వదిలించుకోవచ్చునా?

ఇది ఎక్కడో అమెరికావాళ్ల ప్రశ్న అనుకోకండి. స్కానింగ్ సెంటర్లూ, సంతాన సాఫల్య కేంద్రాలూ కారంచేడు నుండి బస్సెక్కితే చేరగల దూరంలోనే ఉన్నాయి. 2019 సెప్టెంబరు 5న గుంటూరులో 74 ఏళ్ల మహిళ టెస్ట్‌ట్యూబ్ పద్ధతిలో కవల ఆడపిల్లలకు జన్మనిచ్చిన వార్త మీకు గుర్తుండే ఉంటుంది. కనుక ఈ వారం పాఠంలో మొదట శాస్త్రం ఏమి చెబుతున్నదో తెలుసుకుందాం. ఆ తరువాత ఏది మంచి, ఏది చెడు అన్నది ఆలోచిద్దాం. విషయం తెలియకుండా తీర్పు చెప్పడం న్యాయం కాదు.

1. శాస్త్రం ఏమి చెబుతున్నది?

మన శరీరంలోని ప్రతి కణంలో సాధారణంగా 46 క్రోమోజోములు ఉంటాయి. సగం తల్లి నుండి, సగం తండ్రి నుండి వస్తాయి. శరీర నిర్మాణానికి కావలసిన సూచనలు, అంటే జన్యువులు, వీటి మీదనే ఉంటాయి. ఆడా మగా అన్నది తేల్చే జతలో తల్లి ఎప్పుడూ ఎక్స్ క్రోమోజోమునే ఇస్తుంది. తండ్రి వీర్యకణం ఎక్స్ తెస్తే ఆడపిల్ల, వై తెస్తే మగపిల్లవాడు. మూడోసారీ ఆడపిల్లే పుట్టిందని కోడలిని సాధించే అత్తగార్లు ఈ ఒక్క సంగతి తెలుసుకుంటే చాలు. తేడా తెచ్చే కణం ఆమె కొడుకు నుండే వచ్చింది. అతని తప్పు కూడా ఏమీ లేదు. ఏ కణం ముందు చేరుతుందో ఎవరి చేతిలోనూ లేదు.

పుట్టకముందే బిడ్డను పరీక్షించే మార్గాలు ముఖ్యంగా మూడు. మొదటిది స్కానింగ్. రెండవది తల్లి రక్తాన్నో, బిడ్డ చుట్టూ ఉండే ఉమ్మనీటినో తీసి పరీక్షించడం. మూడవది టెస్ట్‌ట్యూబ్ పద్ధతి. తల్లి అండాలనూ తండ్రి వీర్యకణాలనూ ప్రయోగశాలలో కలిపి, ఏర్పడిన పిండాల నుండి కొన్ని కణాలు తీసి, జన్యువులు చూసి, తాము కోరిన పిండాన్ని మాత్రమే గర్భంలో పెడతారు. 1990లో లండన్‌లో డాక్టర్ అలన్ హ్యాండీసైడ్ బృందం ఈ పద్ధతిలో మొదటి గర్భాలను సాధించింది. మగపిల్లలకు సంక్రమించే తీవ్రమైన జబ్బులున్న కుటుంబాల కోసం వారు ఆ పని చేశారు. మిగిలిపోయిన పిండాల గతి ఏమిటి? కొన్నిటిని గడ్డకట్టించి దాస్తారు, కొన్నిటిని పారవేస్తారు. ఈ మాటను చాలా ప్రకటనలు చెప్పవు.

2. కోరిన గుణాలు ఎంచుకోవచ్చునా?

తలసీమియా, సికిల్ సెల్ వంటి జబ్బులు ఒక్క జన్యువులోని లోపం వల్ల వస్తాయి. వాటిని పరీక్షలో కచ్చితంగా పట్టుకోవచ్చు. కాని ఎత్తు, తెలివి, స్వభావం అలాంటివి కావు. 2022లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనంలో 54 లక్షల మంది జన్యు సమాచారాన్ని పరిశీలిస్తే, ఒక్క ఎత్తుతోనే సంబంధమున్న జన్యు భేదాలు సుమారు 12 వేలు కనిపించాయి. తిండి, చదువు, తల్లిదండ్రుల ప్రేమ ఇవన్నీ వేరు. పది పిండాలలో ‘ఉత్తమమైన’ దాన్ని ఏరుకున్నా సగటున దక్కేది ఎత్తులో రెండున్నర సెంటీమీటర్లు, తెలివితేటల పరీక్షలో రెండున్నర మార్కులేనని 2019లో ఇజ్రాయెల్ శాస్త్రవేత్తల బృందం లెక్క కట్టింది. అదైనా సగటు మాత్రమే. ‘డాక్టరు కాగల బిడ్డ’ను ఎంచి ఇస్తామని ఎవరైనా చెబితే నమ్మకండి.

3. మన ఇళ్లలో జరిగిన ఎంపిక

తెలివినీ రంగునూ ఎంచుకోవడం ఇంకా కలగానే ఉన్నది. కాని ఒక ఎంపిక మన దేశంలో యాభై ఏళ్లుగా జరుగుతూనే ఉన్నది. 1970లలో వంశపారంపర్య వ్యాధులను గుర్తించేందుకు మన దేశానికి వచ్చిన ఉమ్మనీటి పరీక్షను త్వరలోనే ఆడపిల్లను గుర్తించి తొలగించడానికి వాడుకున్నారు. తరువాత వచ్చిన స్కానింగ్ ఆ పనిని మరింత సులువు చేసింది.

లెక్కలు చూడండి. ఆరేళ్లలోపు పిల్లల్లో ప్రతి 1000 మంది మగపిల్లలకు దేశం మొత్తం మీద ఆడపిల్లలు 1991లో 945, 2001లో 927, 2011లో 918. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1991లో 975, 2001లో 961, 2011లో 939. ప్రకృతి సిద్ధంగా 1000 మంది మగపిల్లలకు సుమారు 950 మంది ఆడపిల్లలు పుడతారు. చదువు పెరిగిన, ఆదాయం పెరిగిన ఆ ఇరవై ఏళ్లలోనే మన రాష్ట్రంలో ఈ సంఖ్య 36 తగ్గిపోయింది. పేదరికమే దీనికి కారణమని చెప్పి తప్పించుకోలేం.

అందుకే పార్లమెంటు 1994లో లింగ నిర్ధారణ నిషేధ చట్టం చేసింది. అది 1996 జనవరి 1 నుండి అమలులోకి వచ్చింది. 2003లో దానిని సవరించి, గర్భధారణకు ముందే ఆడా మగా ఎంచుకునే పద్ధతులను కూడా నిషేధించారు. చెప్పమని అడిగిన భర్తకూ బంధువులకూ మూడేళ్ల వరకు జైలు, 50 వేల రూపాయల వరకు జరిమానా పడవచ్చు. ఇందులో గమనించవలసిన విషయం మరొకటి ఉంది. గర్భవతిని భర్తో బంధువులో బలవంతపెట్టారనే చట్టం మొదట భావిస్తుంది. ఆమె కన్నీళ్లు చట్టం చేసినవారికి కనిపించాయి. ఇంట్లో ఉన్న మనకు కనిపించవా? 2021లో వచ్చిన మరో చట్టం టెస్ట్‌ట్యూబ్ పద్ధతిలో పిండ పరీక్షను ముందే తెలిసిన వంశపారంపర్య వ్యాధులకే పరిమితం చేసింది. రంగు కోసం, తెలివి కోసం ఎంచుకోవడానికి అందులో తావు లేదు.

4. వస్తువుకు వెల, వ్యక్తికి విలువ

చట్టం సరే, అసలు తప్పు ఎక్కడ ఉన్నది? జర్మనీ తత్త్వవేత్త ఇమ్మానుయేల్ కాంట్ 1785లో ఒక తేడా చూపించాడు. వస్తువుకు వెల ఉంటుంది, కనుక దాని బదులు మరొకటి తెచ్చుకోవచ్చు. మనిషికి బదులు లేదు, కనుక అతనికి వెల కట్టలేం. గుణాలను బట్టి బిడ్డను ఎంచుకున్న క్షణంలో ఆ బిడ్డ మనకు వస్తువు అవుతుంది. ‘నువ్వు నువ్వైనందుకు కాదు, నీలో ఫలానా గుణం ఉన్నందుకు నిన్ను ఉండనిచ్చాం’ అని చెప్పినట్లు అవుతుంది. రేపు ఆ గుణం కనబడకపోతే ఆ బిడ్డ ఏమి కావాలి?

పుట్టుకను బట్టి మనిషికి వెల కడితే ఏమవుతుందో ఈ నేలకు తెలుసు. 1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు దళితుల ప్రాణాలు తీశారు. మంచినీటి చెరువు దగ్గర మొదలైన గొడవ అంతటి దారుణానికి దారి తీసింది. బతికి బయటపడిన కుటుంబాలు చీరాల చేరి శిబిరంలో తలదాచుకున్నాయి. ఆ హత్యలూ స్కానింగ్ గదిలో జరిగేదీ ఒకటేనని నేను చెప్పడం లేదు. కాని రెంటి వెనుకా ఉన్న ఆలోచన ఒకటే. ఏ కడుపున పుట్టాడు, ఏమై పుట్టాడు అన్నదాన్ని బట్టి ఒక మనిషి బ్రతుకు తక్కువదని తేల్చే ఆలోచన అది. ఆనాడు కులం పేరిట జరిగినదాన్ని ఖండించే మనం, ఆడపిల్ల అని, అవిటి బిడ్డ అని అదే కొలబద్దను కడుపు మీద పెట్టకూడదు.

5. మరి జబ్బుల మాటేమిటి?

‘ఫాదర్ గారూ, తలసీమియా బిడ్డను పెంచే తల్లి బాధ మీకు తెలుసా?’ అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్న. రెండు మూడు వారాలకోసారి రక్తం ఎక్కించాలి, ఒంట్లో పేరుకునే ఇనుమును తగ్గించే మందులు జీవితాంతం వాడాలి. ఆ తల్లిని నిందించే అర్హత ఎవరికీ లేదు. ఆమెకు కావలసింది పాఠం కంటే ముందు రక్తదాతలు.

శ్రీసభ పరీక్షలకు వ్యతిరేకి కాదు. బిడ్డను కాపాడడానికి, నయం చేయడానికి, ప్రసవానికి ముందే సిద్ధపడడానికి చేసే పరీక్ష మంచిదేనని, తొలగించాలనే ఉద్దేశంతో చేయించే పరీక్షే తప్పని 1987లో రోమునుండి వెలువడిన బోధనా పత్రం స్పష్టం చేసింది. రోగాన్ని తీసివేయడం వేరు, రోగిని తీసివేయడం వేరు. పుట్టు గ్రుడ్డివానిని చూసి ఎవరి పాపం వల్ల ఇలా పుట్టాడని శిష్యులు అడిగినప్పుడు, క్రీస్తు ప్రభువు ఆ ప్రశ్ననే త్రోసిపుచ్చి అతనికి చూపునిచ్చారు. వైద్యం నడవవలసిన దారి అదే.

ఆ దారిలో శాస్త్రం ముందుకు సాగుతున్నది కూడా. సికిల్ సెల్‌కు, తలసీమియాకు రోగి స్వంత రక్తకణాల జన్యువులను సరిచేసే చికిత్సను 2023 నవంబరులో బ్రిటన్ అనుమతించింది. 2025లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో అరుదైన జన్యులోపంతో పుట్టిన పసివానికి అతని కోసమే తయారుచేసిన జన్యు చికిత్స ఇచ్చారు. దీనికి భిన్నంగా 2018లో చైనాలో హే జియాన్‌కుయ్ అనే శాస్త్రవేత్త పిండాల జన్యువులనే మార్చి కవల ఆడపిల్లలను పుట్టించాడు. ఆ మార్పు తరతరాలకూ సంక్రమించగలదు. 2019 డిసెంబరులో అక్కడి కోర్టు అతనికి మూడేళ్ల జైలు విధించింది. ఒకే విద్య ఒకచోట ఉన్న బిడ్డకు సేవ చేసింది, మరొకచోట పుట్టబోయే బిడ్డల మీద ప్రయోగం చేసింది.

టెస్ట్‌ట్యూబ్ పద్ధతిని శ్రీసభ అంగీకరించదు. అయితే ఆ పద్ధతిలో పుట్టిన బిడ్డ కూడా అందరిలాగే దేవుని బిడ్డ. జ్ఞానస్నానపు తొట్టి దగ్గర ఎవరూ గుసగుసలాడకూడదు.

6. మనం చేయగలిగింది

పెళ్లి కుదుర్చుకునే ముందు వధూవరులిద్దరూ తలసీమియా రక్తపరీక్ష చేయించుకోవాలి. ఇద్దరిలోనూ ఆ లోపపు జన్యువు ఒక్కొక్కటి ఉంటే, చూడడానికి ఇద్దరూ ఆరోగ్యంగానే ఉంటారు. కాని ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. ఇది ముందే తెలిస్తే ఎవరి ప్రాణమూ తీయనక్కరలేదు.

మేనరికాలు మానుకోవాలి. మేనమామకూ మేనకోడలికీ జన్యువుల్లో నాలుగింట ఒక వంతు ఉమ్మడిగా ఉంటాయి, మేనబావా మరదళ్లకు ఎనిమిదింట ఒక వంతు. దాగి ఉన్న లోపాలు రెండువైపుల నుండీ కలిసే ప్రమాదం అందువల్లనే పెరుగుతుంది. శ్రీసభ చట్టం ఇంత దగ్గర సంబంధాలను నిషేధించింది. అనుమతి లేనిదే ఆ జ్ఞానవివాహం చెల్లదు. ‘ఆస్తి బయటకు పోదు’ అన్న లెక్కలో పుట్టబోయే పసివాళ్ల ఆరోగ్యాన్ని కూడా కలుపుకోండి.

కట్నం అడగకండి, ఇవ్వకండి. 1961 నుండి అది నేరం. ఆడపిల్ల భారమని చెప్పే స్కానింగ్ యంత్రమేదీ లేదు. ఆ మాట చెబుతున్నది మన కట్నపు బేరమే. విచారణలో అవిటి బిడ్డ ఉన్న ఇల్లు ఉంటే పండుగనాడు మాత్రమే కాక, ఆసుపత్రికి వెళ్లే రోజున తోడు వెళ్లండి. కడుపు పండిన కోడలికి ‘మగబిడ్డను కను’ అని దీవించడం మాని, ‘ఏ బిడ్డయినా మన బిడ్డే’ అని చెప్పండి. ఆ ఒక్క మాట విన్న రాత్రి ఆమె నిశ్చింతగా నిద్రపోతుంది.

కుటుంబంలో కలిసి ఆలోచించడానికి:

అ) మన ఇంట్లో ఆడపిల్ల పుట్టినప్పుడు, మగపిల్లవాడు పుట్టినప్పుడు పలికిన మాటల్లో తేడా ఏమిటి?

ఆ) మన బంధువుల్లో ఎవరైనా కడుపులో ఉన్నది ఎవరో తెలుసుకోవాలని ఒత్తిడి పడుతుంటే మనం ఏమి చేయగలం?

ఇ) పెళ్లిచూపుల నాటికే రక్తపరీక్ష గురించి అడగడానికి మనకు ఉన్న సంకోచం ఏమిటి? దాన్ని ముందుగా ఎవరు వదులుకోవాలి?