పుట్టినరోజు కేకు – ఆహారవిధిలో ఒక పాఠము

గచ్చిబౌలి, కొండాపూర్ ప్రాంతముల నుండి నా వద్దకు వచ్చెడి తల్లులు మందుల చీటీ అందుకొని లేచిన తరువాత, గుమ్మము వద్ద ఆగి అడిగెడి ప్రశ్న ఒకటి ఉన్నది. "డాక్టరుగారూ, వచ్చే వారం బాబు పుట్టినరోజు. కేకు పెట్టవచ్చునా?" చాలా కాలము వరకు నేను "కూడదు" అను ఒక్క మాటతో వారిని పంపివేసెడివాడను. ఆ సమాధానము చాలదని నాకు తెలిసినది మా ఇంటిలోనే.

మా మనుమరాలి ఆరవ పుట్టినరోజున కేకు తేరాదని శాసించి, సేమ్యా పాయసము చేయించితిని. పిల్ల ఏమియు అనలేదు. నాలుగు రోజుల తరువాత పై అంతస్తు ఫ్లాట్‌లో ఒక విందుకు వెళ్లి, ఆత్రముతో పెద్ద పెద్ద ముక్కలు మూడు తిని, అర్ధరాత్రి వాంతి చేసుకొన్నది. మా కోడలు మరునాడు సంకోచపడుతూ చెప్పినది: "మామయ్యగారూ, 'తాతయ్యకు చెప్పకమ్మా' అని రాత్రంతా నా చేయి పట్టుకొని ఏడ్చిందండీ." నలభై ఏండ్లుగా రోగులకు పథ్యము చెప్పుచున్నవాడను, నా ఇంటి పిల్ల తన కడుపునొప్పిని నాకు చెప్పుటకు భయపడినది. ఆ రోజున చరకసంహితలోని విమానస్థానము మొదటి అధ్యాయమును మరల తీసితిని. గురుకులములో కంఠస్థము చేసిన అధ్యాయమే అది.

ఆహారము మేలు చేయునో కీడు చేయునో నిర్ణయించుటకు చరకుడు ఎనిమిది విషయములను చెప్పినాడు. ప్రకృతి, కరణము, సంయోగము, రాశి, దేశము, కాలము, ఉపయోగ నియమము, తినెడి మనిషి. ఇందులో పదార్థము యొక్క స్వభావము ఒక్కటి మాత్రమే. "కేకు మంచిదా, చెడ్డదా" అని అడిగినవారు మిగిలిన ఏడింటిని విడిచిపెట్టినట్లే. "కూడదు" అన్న నేనును అదే తప్పు చేసితిని.

స్వభావము సంగతి త్వరగా ముగించెదను. మైదా, పంచదార, కొవ్వు కలిసిన పదార్థము గురువు, అనగా ఆలస్యముగా జీర్ణమగునది, కఫమును పెంచునది. మన అరిసె, బొబ్బట్టు కూడ గురువులే. కేకు విదేశీయము కనుక చెడ్డది, అరిసె మనది కనుక మంచిది అనుట అభిమానమే గాని వైద్యము కాదు.

కరణము అనగా సంస్కారము, వండెడి తీరు. ఒకే ధాన్యము పేలాలైనపుడు తేలిక, పిండివంటయైనపుడు బరువు. కేకు విషయములో గృహిణి చేతిలో ఉన్న అధికారమంతయు ఇక్కడనే ఉన్నది. ఏ కొవ్వు వాడవలెనో, తీపి ఎంత వేయవలెనో ఇంటిలో చేసినప్పుడు మన ఇష్టము. మా కోడలును నేనును మూడు ఆదివారములు రెండు కేకులు పాడుచేసి, చివరకు కుదుర్చుకొన్న పద్ధతి ఇది.

జల్లించిన గోధుమపిండి 180 గ్రాములు, తురిమిన బెల్లము 120 గ్రాములు, వెన్న తీసిన మజ్జిగ 200 మిల్లీలీటర్లు, కరిగించిన నెయ్యి 75 గ్రాములు, సోడా ఉప్పు అర టీస్పూను, ఏలకుల పొడి, శొంఠిపొడి చిటికెడు చొప్పున. పెరుగును వేడి చేయరాదని శాస్త్రము. మజ్జిగపులుసు మన వంటిళ్లలో అనాదిగా కాచుచునే ఉన్నారు కనుక మజ్జిగను ఎంచుకొంటిని. పాత కుక్కర్‌లో అడుగున వేలెడు మందము ఉప్పు పోసి, దానిపై చిన్న స్టాండు పెట్టి, నీరు పోయక, గాస్కెట్, విజిల్ రెండును తప్పక తీసివేసి, మూత పెట్టి అయిదు నిమిషములు వేడి చేయవలెను. బెల్లమును చల్లని మజ్జిగలోనే కరిగించి వడగట్టి, నెయ్యి, పిండి, పొడులు కలిపి, చిట్టచివర సోడా ఉప్పు వేసి, నెయ్యి రాసిన గిన్నెలో సగము వరకు మాత్రమే పోసి వెంటనే కుక్కర్‌లో దింపవలెను. మజ్జిగలోని పులుపు, సోడాలోని క్షారము కలిసినపుడు వాయువు పుట్టును. కేకు పొంగునది దానివలననే. పిండిని కలిపి ఫోన్‌లో మాటలాడుచు కూర్చున్నచో ఆ వాయువు పోయి కేకు పీటవలె గట్టిపడును (మా మొదటి కేకు అట్లే పోయినది). సన్నని మంటపై సుమారు 40 నిమిషములు పట్టును. పుల్ల గుచ్చి చూడగా పిండి అంటకున్నచో అయినట్లే.

ఇంకా పొంగవలెనని సోడా ఎక్కువ వేయకండి. చేదు, సబ్బు రుచి వచ్చును. అతిగా వాడరాదని చరకుడు అదే అధ్యాయములో చెప్పిన మూడింటిలో క్షారము ఒకటి. తక్కినవి పిప్పలి, ఉప్పు.

సంయోగము గూర్చి రెండు మాటలు. తేనెను వేడి చేయరాదు కనుక పిండిలో కలిపి కాల్చకండి. కేకు పూర్తిగా చల్లారిన తరువాత పైన పలుచగా రాయవచ్చును. పాల మీగడపై పుల్లని పండ్లను పేర్చుట విరుద్ధాహారము. పండ్లు పెట్టదలచినచో ఖర్జూరము, ఎండుద్రాక్ష చాలును. బజారు క్రీములలోను, వనస్పతిలోను ఉండెడి ట్రాన్స్ కొవ్వు 2 శాతమునకు మించరాదని 2022 జనవరి నుండి మన దేశములో నియమమున్నది. ఇంటిలో నెయ్యి వాడినవారికి ఆ లెక్కతో పని లేదు.

రాశి అనగా పరిమాణము. గురుపదార్థమును సగము తృప్తి వరకే తినవలెనని శాస్త్రము. పైన చెప్పిన కేకును పది ముక్కలు చేసినచో ముక్కకు బెల్లము 12 గ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పిన లెక్క ప్రకారము, ఆహారమునకు చేర్చిన తీపి పెద్దవారికి రోజుకు సుమారు 25 గ్రాముల లోపు ఉండుట మరింత మేలు. పిల్లలకు అంతకంటె తక్కువ. ఒక ముక్క తిన్న పిల్లకు ఆ రోజు చాక్లెట్, సీసా పానీయము ఉండరాదు. బెల్లముతో చేసినది కనుక ఎంతైనా తినవచ్చునని మధుమేహులు భావించిన ప్రమాదము. ప్రమేహకారణములలో బెల్లపు వంటకములను చరకుడు పేరుపెట్టి చెప్పినాడు. వారు వేలెడు ముక్కతో ఆగవలెను. తమ మందు మానరాదు.

ఆ కారణములలోనే మరొకటి ఉన్నది, ఆస్యాసుఖము. హాయిగా కూర్చుండుట అని అర్థము. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన నాటి నుండి మాదాపూర్, గచ్చిబౌలి బండలపై లేచిన భవనములలో లక్షలమంది చేయుచున్నది కూర్చుండెడి పనియే గదా! హైదరాబాద్ విశ్వవిద్యాలయ పరిశోధకులు, ఏఐజీ ఆసుపత్రి వైద్యులు కలిసి 345 మంది ఐటీ ఉద్యోగులను పరీక్షించి 2025లో ప్రకటించిన ఫలితములలో 84 శాతం మందికి కాలేయములో కొవ్వు చేరినది. పిల్ల తినగా మిగిలిన కేకును ఫ్రిజ్‌లో దాచి, రాత్రి పని ముగించి వచ్చి, నిలుచుండియే ముగించెడి తండ్రులకు ఈ మాట చెప్పుచున్నాను. దేశము, తినెడి మనిషి అని చరకుడు అన్నది ఇందుకే.

ఇక కాలము. అర్ధరాత్రి 12 గంటలకు నిద్రపోయెడి పిల్లను లేపి కేకు కోయించెడి ఆచారమును మాత్రము నేను ఒప్పుకొనను. రాత్రి భోజనము అరగక ముందే దానిపై గురుపదార్థము పడినచో అది అధ్యశనము. మరునాటి ఉదయము నాలుకపై తెల్లని పూత, ఆకలి లేకపోవుట, బడిలో కడుపునొప్పి దాని ఫలితములు. మధురరసమును భోజనారంభముననే తినవలెనని వాగ్భటుడు చెప్పినాడు. కావున సాయంకాలము దీపము పెట్టిన వెంటనే కేకు కోసి, ఒక ముక్క తినిపించి, పిల్లలను ఒక గంట ఆడనిచ్చి, తరువాత చారన్నము వంటి తేలిక భోజనము పెట్టండి. మిగిలినది ఆ రాత్రియే ఇరుగుపొరుగులకు పంచివేయండి.

కుక్కర్ వద్ద 40 నిమిషములు నిలుచుండుటకు తీరిక లేని ఇల్లాలు మలీద చేయవచ్చును. బతుకమ్మ పండుగకు తెలంగాణ ఇండ్లలో చేయునదే. వేడి గోధుమ రొట్టెలను చేతితో మెత్తగా నలిపి, బెల్లపు తురుము, నెయ్యి, ఏలకుల పొడి కలిపి, నెయ్యి రాసిన గుండ్రని గిన్నెలో గట్టిగా అదిమి బోర్లించినచో అచ్చముగా కేకు వలెనే నిలుచును, చాకుతో కోయవచ్చును. కిందటి పుట్టినరోజున మా మనుమరాలు దీనినే కోరి, మధ్యలో కొవ్వొత్తి గుచ్చి, మొదటి ముక్క నా నోటిలో పెట్టినది. తాను రెండు ముక్కలు తిన్నానని నాకు స్వయముగా వచ్చి చెప్పినది కూడ. ఆ రాత్రి ఆమెకు గోరువెచ్చని శొంఠినీరు పట్టించి పడుకోబెట్టితిమి.