కంప్యూటరు చదువులు: ఏ పట్టా ఎవరికి?

ఇంటర్మీడియెటు ఫలితములు వెలువడినంతనే జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతములలో తల్లిదండ్రులు పంచాయతీ సభ్యుల సలహా కోరుట పరిపాటి. పసుపు పండించు రైతు గాని, మరమగ్గముల కార్మికుడు గాని, గల్ఫునుండి డబ్బు పంపు తండ్రి గాని తన బిడ్డకు కంప్యూటరు విద్య చెప్పింపదలచుట సహజమే. కాని కంప్యూటరు చదువు ఒక్కటి కాదు. అప్పు చేయుటకు ముందు వాని భేదములను గ్రహింపవలెను.

మొదటిది 4 సంవత్సరముల బి.టెక్. ఇంటర్మీడియెటులో గణిత, భౌతిక, రసాయన శాస్త్రములు చదివినవారు ఎప్‌సెట్ వ్రాసి ఇందు చేరుదురు. కొండగట్టు సమీపమున నాచుపల్లిలో 2007లోను, రాజన్న సిరిసిల్ల జిల్లాలో 2021లోను జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయపు కళాశాలలు వెలసినవి. సీటు లభించినచో ముందుగా వీనిని తలపోయుట మేలు.

రెండవది 3 సంవత్సరముల బి.సి.ఎ., లేక కంప్యూటరు సైన్సుతో కూడిన బి.ఎస్సి. దోస్త్ ద్వారా, ఇంటర్మీడియెటు మార్కులనుబట్టి ప్రవేశము లభించును. ఆపై ఐసెట్ వ్రాసి 2 సంవత్సరముల ఎం.సి.ఎ. చదువవచ్చును. మొత్తము 5 ఏండ్లు పట్టినను, ఇంటి అవసరమునుబట్టి 3 ఏండ్లకే పట్టాతో ఉద్యోగమున చేరు వీలు కలదు.

మూడవది పదవ తరగతి పిమ్మట పాలిసెట్ ద్వారా 3 సంవత్సరముల డిప్లొమా. అనంతరము ఇసెట్‌లో నెగ్గినవారు బి.టెక్. రెండవ సంవత్సరములోనే చేరుదురు.

ఇక ఉద్యోగముల మాట. పెద్ద సాఫ్టువేరు సంస్థలు బి.సి.ఎ., బి.ఎస్సి. పట్టభద్రులనుకూడ చేర్చుకొనుచున్నవి. ఆరంభ వేతనము బి.టెక్. వారికంటె సాధారణముగా తక్కువ. అయినను అనుభవము పెరిగినకొలది పట్టాకంటె పనితనమే ప్రధానమగును. కార్యాలయములలో ఆపరేటరు పనికి బి.టెక్. అక్కరలేదు.

కృత్రిమ మేధ, డేటా సైన్సు అను పేర్లతో నేడు పలు శాఖలు బయలుదేరినవి. వీని కన్నిటికిని గణితము, ప్రోగ్రామింగు, డేటాబేసు, నెట్‌వర్కు అనునవే పునాదులు. ఎకరము పొలమమ్మి కొన్న సీటైనను, ప్రోగ్రాము వ్రాయనేరని విద్యార్థికి ఉద్యోగ మీయజాలదు.

కావున సభ్యులు సలహా చెప్పునపుడు నాలుగు ప్రశ్నలు వేయవలెను: బిడ్డకు గణితముపై ఆసక్తి కలదా? కుటుంబ మెన్ని ఏండ్లు భరింపగలదు? కళాశాలకు గుర్తింపును, బోధకులును కలరా? బోధన రుసుము తిరిగి చెల్లింపు పథకము వర్తించునా? ప్రవేశములకు ముందే గ్రామమున చదివిన యువకులను పంచాయతీ కార్యాలయమునకు పిలిచి విద్యార్థులతో మాట్లాడింపుడు. ఆ ఒక్క పూట శ్రమ ఒక కుటుంబమును ఏండ్లతరబడి ఋణభారమునుండి కాపాడగలదు.