పొన్నంగి పిట్ట

మన ‘పిట్ట’ అను మాట ఒక పక్షిజాతికంతకు శాస్త్రనామమైనదని చాలమంది ఎరుగరు. 1816లో వియ్యో అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఈ తెలుగు మాటనే గ్రహించి ఆ జాతికి పెట్టినాడు. అందు మన దేశపుదానిని తెలుగున పొన్నంగి పిట్ట యనియు, హిందీలో నవరంగ్ అనియు అందురు.

పిడికెడు పిట్ట, తోక మొండి. వీపు ఆకుపచ్చ, రెక్కపై నీలము, గొంతు తెలుపు, కంటిమీదుగా నల్లని పట్టె, తోక క్రింద ఎరుపు. ఇన్ని రంగులుండియు కంటబడుట అరుదు. పొదల నీడన నేలపై గెంతుచు, రాలిన ఆకులను తిరుగవేసి పురుగులను ఏరుకొనును. ఉదయ సాయంసంధ్యలలో రెండు స్వరముల ఈల వేయుటచే తమిళులు దీనిని ‘ఆరుమణి కురువి’ అందురు.

దీనికి కాపురములు రెండు. వైశాఖము నాటికి దక్షిణమును విడిచి, హిమాలయపు దిగువ అడవులకును, మధ్యభారతపు కొండలకును, పడమటి కనుమలలో కర్ణాటకము వరకును చేరును. వానకాలమున బంతివంటి గూడు అల్లి, ప్రక్కన ద్వారముంచి, నాలుగైదు గ్రుడ్లు పెట్టును. నేల తడిసినగాని పురుగులు పైకి రావు. అవి లేనిదే పిల్లలు బ్రతుకవు. చాతుర్మాస్యమున సూక్ష్మజీవులకు హింస కలుగకుండ మన మునులు ఒక్కచోట నిలుతురు. ఆ జీవుల విరివిని చూచుకొనియే ఈ పిట్టయు ఆ నెలలలో ఒక్క అడవిని పట్టుకొని యుండును. పోలిక అంతవరకే! మహావ్రతములు మునులవి గాని తిర్యంచములవి కావు గదా.

ఆశ్వయుజము నాటికి తిరిగి దక్షిణాదికిని, శ్రీలంకకును దిగివచ్చును. కనుక మహారాష్ట్రలోని మనవారు వానకాలమున కర్నాల అడవిలో చూడగల పిట్టనే చెన్నైవారు చలినెలలలో గిండీ వనమున చూడవచ్చును.

జీవదయ యనగానే మనకు గింజలు చల్లుట జ్ఞప్తికి వచ్చును. మంచిపనియే. కాని ఈ పిట్ట గింజ ముట్టదు. దానికి కావలసినది పొద, నీడ, రాలిన ఆకులు. మనమో ఆలయపు తోటను అద్దమువలె ఊడ్పించి, ఆకులను కుప్పపోసి నిప్పంటింతుము. ద్వీంద్రియ జీవులను గూర్చి చదువుకొన్నవారికి ఆ మంటలో ఏమేమి పోవునో చెప్పనక్కరలేదు. దూరమునుండి వచ్చిన అతిథికి మిగులునది ఆకలియే. తోటలో ఒక మూల ఊడ్వక విడిచిన చాలును.

వలసవేళ అలసి ఒక్కొక్కప్పుడు ఇండ్లలోనికి వచ్చి పడును. అట్టిదానిని పంజరమున పెట్టి అన్నము, పాలు నోట పోయరాదు. గాలి రంధ్రములు గల అట్టపెట్టెలో, చీకటిగా, సద్దు లేనిచోట ఉంచి, తేరుకొనగానే పొదలున్న తావున విడువవలెను. గాయమున్నచో పశువైద్యునికి చూపవలెను.