ఉప్పు, చక్కెర, నీళ్ళు

తొలకరి పడింది. వాగులు పారాయి. చెరువుల్లోకి కొత్త నీరు వచ్చింది. మేడ్చల్, శామీర్‌పేట చుట్టుపక్కల ఊళ్ళల్లో రైతులకు సంతోషం. కాని ఈ రోజుల్లోనే ఇంకొకటి కూడా వస్తుంది. అదే విరేచనాల జబ్బు. కొందరు మోషన్స్ అంటారు. కొందరు బేదులు అంటారు. పేరు ఏదైనా జబ్బు ఒకటే.

ఎందుకు వస్తుంది? వాన నీళ్ళతో పాటు పెంట, మురికి కొట్టుకొస్తాయి. నల్లా పైపు పగిలిన చోట ఆ మురికి లోపలికి పోతుంది. ఈగలు ముసురుతాయి. ఈ సంగతి చాలామందికి తెలిసిందే. తెలియనిది వేరే ఉంది.

విరేచనాలు చాలాసార్లు కొద్ది రోజుల్లో వాటంతట అవే తగ్గుతాయి. మరి పిల్లలు ఎందుకు చనిపోతారు? ఒంట్లో నీరు ఇంకిపోయి చనిపోతారు. విరేచనంతో నీరు పోతుంది. నీటితో పాటు ఉప్పు పోతుంది. పసిపిల్ల ఒళ్ళు ఎంత? అందులో నీరు ఎంత? కొన్ని గంటల్లోనే ప్రాణం మీదికి వస్తుంది.

అడుగున చిల్లి పడిన కుండను చూడండి. చిల్లి పూడేదాకా పైనుంచి నీళ్ళు పోస్తూనే ఉండాలి. పోయడం ఆపితే కుండ ఖాళీ అవుతుంది. ఒళ్ళు కూడా అంతే. కాని చాలా ఇళ్ళల్లో దీనికి ఎదురు పని చేస్తారు. ఇట్లా మాట్లాడుకుంటారు:

"నీళ్ళు ఇయ్యకు బిడ్డా. ఇచ్చినకొద్దీ ఇంకా పోతయి. కడుపు ఎండబెడితే అదే కట్టుకుంటది" అంటుంది అత్త.

"పొద్దటి నుంచి ఆరుసార్లు పోయిండు అత్తమ్మా. కండ్లు లోపలికి పోయినయి. ఏడిస్తే కన్నీళ్ళు వస్తలేవు. పోయిన నీళ్ళు మళ్ళా ఎక్కడ్నించి వస్తయి?" అంటుంది కోడలు.

అత్తకు మనవడి మీద ప్రేమ లేక కాదు. ఆమె పెద్దలు ఆమెకు అట్లాగే చెప్పారు. కాని ఇక్కడ కోడలి మాటే సరైనది. నీళ్ళు ఆపితే విరేచనం తగ్గినట్టు కనిపిస్తుంది. అది జబ్బు తగ్గడం కాదు. ఒంట్లో పోవడానికి ఇంక నీరు లేకపోవడం.

అయితే ఉత్త నీళ్ళు చాలవు. నీటిలో కొంచెం ఉప్పు, కొంచెం చక్కెర ఉండాలి. చక్కెర రుచి కోసం అనుకుంటారు. కాదు. పేగు గోడ ఉప్పును, చక్కెరను జతగా లోపలికి తీసుకుంటుంది. ఆ రెండింటి వెంట నీరు పోతుంది. విరేచనాలు అవుతున్నప్పుడు కూడా పేగులో ఈ దారి మూసుకుపోదు. ఈ సంగతిని శాస్త్రవేత్తలు 1960ల్లో కనుక్కున్నారు.

జనం మధ్య దీన్ని పెద్ద ఎత్తున చేసి చూపించింది దిలీప్ మహలనబీస్ అనే బెంగాలీ డాక్టరు. అది 1971. బంగ్లాదేశ్ యుద్ధం జరుగుతోంది. లక్షల మంది సరిహద్దు దాటి మన దేశానికి వచ్చారు. పశ్చిమ బెంగాల్‌లోని బోన్‌గావ్ దగ్గర శిబిరాల్లో కలరా పుట్టింది. నరానికి ఎక్కించే సెలైన్ సీసాలు అయిపోయాయి. ఎక్కించే వాళ్ళూ చాలినంత మంది లేరు. అప్పుడు ఆయన ఉప్పు, గ్లూకోజు, వంట సోడా కలిపిన నీళ్ళు డ్రమ్ముల్లో పెట్టించాడు. రోగుల పక్కన ఉన్న అమ్మలు, అక్కలు, అన్నలే ఆ నీళ్ళు తాగించారు. అంతకు ముందు నూటికి 30 మంది దాకా చనిపోతున్నారు. ఆ తర్వాత నూటికి నలుగురి కన్నా తక్కువకు తగ్గింది. ఆ డాక్టరు 2022లో కన్నుమూశాడు. 2023లో ప్రభుత్వం ఆయనకు పద్మవిభూషణ్ ప్రకటించింది.

ఆ నీళ్ళ పొడి ఇప్పుడు ప్యాకెట్‌లో దొరుకుతుంది. దాన్నే ఓఆర్‌ఎస్ అంటారు. ఆశా కార్యకర్త దగ్గర, సర్కారు దవాఖానలో ఉచితంగా ఇస్తారు.

ఇక్కడే చదువు అక్కరకొస్తుంది. ప్యాకెట్లు అన్నీ ఒకటి కావు. సుమారు 20 గ్రాముల పెద్ద ప్యాకెట్‌ను 1 లీటరు నీళ్ళలో కలపాలి. చిన్న ప్యాకెట్‌ను 200 మిల్లీలీటర్లలో, అంటే ఒక గ్లాసులో కలపాలి. చదవకుండా పెద్ద ప్యాకెట్‌ను ఒక్క గ్లాసులో కలిపితే ఉప్పు ఎక్కువై పిల్లకు హాని చేస్తుంది. చిన్న ప్యాకెట్‌ను లీటరులో కలిపితే మందు పలచనై పని చేయదు. ప్యాకెట్ మీద మిగతా అక్షరాలు ఇంగ్లీషులో ఉన్నా అంకెలు చదవగలిగితే చాలు.

నీళ్ళు కాచి చల్లార్చినవైతే మంచిది. ప్యాకెట్ మొత్తం ఒకేసారి పోయాలి. సగం పోసి సగం దాచుకోవద్దు. కలిపిన నీళ్ళు 24 గంటలే. మిగిలితే పారబోసి కొత్తవి కలపాలి.

రాత్రిపూట ప్యాకెట్ దొరకలేదు. అప్పుడేం చేయాలి? 1 లీటరు నీళ్ళలో 6 టీ చెంచాల చక్కెర, అర టీ చెంచా ఉప్పు కలపాలి. చెంచా తలగొట్టి కొలవాలి. గుమ్మటంలా తీయకూడదు. రుచి చూడాలి. కన్నీళ్ళ కన్నా ఉప్పగా ఉంటే పారబోయాలి. ఉప్పు వేసిన గంజి, పలచని మజ్జిగ కూడా ఇవ్వవచ్చు.

రెండేళ్ళ లోపు పిల్లకు విరేచనం అయినప్పుడల్లా సగం చాయ్ గ్లాసు నుంచి నిండు గ్లాసు దాకా, చెంచాతో కొద్దికొద్దిగా తాగించాలి. అంతకన్నా పెద్ద పిల్లలకు ఒకటి, రెండు చాయ్ గ్లాసులు. పిల్లవాడు కక్కితే? భయపడి మానేయవద్దు. పది నిమిషాలు ఆగి, మళ్ళీ మెల్లగా మొదలుపెట్టాలి. తల్లిపాలు అసలు ఆపకూడదు. అన్నం తినే పిల్లలకు పెరుగన్నం, పెసరపప్పు కిచిడీ, అరటిపండు పెట్టాలి.

ఓఆర్‌ఎస్‌తో పాటు జింకు బిళ్ళలు ఇస్తారు. ఆరు నెలలు దాటిన పిల్లకు రోజుకు 20 మిల్లీగ్రాముల బిళ్ళ ఒకటి. రెండు నుంచి ఆరు నెలల పిల్లకు సగం. వీటిని 14 రోజులు వేయాలి. మూడో రోజుకే విరేచనాలు ఆగాయని చాలామంది బిళ్ళలు చూరులో చెక్కేస్తారు. అట్లా చేయవద్దు.

సూది వేస్తేనే వైద్యం అనుకోవడం మన దగ్గర బాగా పాతుకుపోయింది. బాటిల్ ఎక్కిస్తే డబ్బులకు తగ్గ పని జరిగినట్టు ఉంటుంది. చెంచాతో తాగిస్తే ఏమీ చేయనట్టే ఉంటుంది. కాని తాగగలిగే పిల్లకు చెంచానే మేలు. విరేచనాలు ఆపే బిళ్ళలు పెద్దలవి పిల్లలకు వేయడం ప్రమాదం.

ఇంకో మోసం ఉంది. ఓఆర్‌ఎస్ పేరు పెట్టుకున్న తీపి పానీయాలు డబ్బాల్లో అమ్మేవారు. వాటిలో చక్కెర ఎక్కువ, కావలసిన ఉప్పు తక్కువ. తాగితే విరేచనాలు పెరగవచ్చు. హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ దీని మీద ఏళ్ళ తరబడి పోరాడింది. చివరికి 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ అట్లాంటి పానీయాలకు ఆ పేరు వాడకూడదని ఉత్తర్వు ఇచ్చింది. అడిగి తీసుకోవలసింది మందుల దుకాణంలోని పొడి ప్యాకెట్. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం తయారైనట్టు దాని మీద ఉండాలి.

ఇంట్లో ఎప్పటిదాకా చూడాలి? విరేచనంలో నెత్తురు పడినా, పిల్ల మత్తుగా పడి ఉన్నా, తాగలేకపోయినా, తాగిందంతా కక్కుతున్నా ఆగకూడదు. పొట్ట మీది చర్మం చిటికెతో పట్టి వదలండి. అది వెంటనే సర్దుకోకుండా ముడతగా నిలబడితే నీరు బాగా పోయినట్టు. వెంటనే దవాఖానకు తీసుకుపోవాలి. రెండు నెలల లోపు పసికందునైతే మొదటే చూపించాలి. 108కి ఫోను చేస్తే బండి వస్తుంది. 2005లో మొదలైన ఆ 108 సంస్థకు కేంద్రం మేడ్చల్ రోడ్డు మీది దేవరయాంజాలే. దారిలో కూడా చెంచాతో తాగిస్తూనే ఉండాలి.

చుక్కల మందు సంగతి కూడా ఈ ప్రాంతం వాళ్ళు తెలుసుకోవాలి. పసిపిల్లల విరేచనాలకు రోటా వైరస్ ఒక పెద్ద కారణం. దానికి టీకా చుక్కలను శామీర్‌పేట పక్కన తుర్కపల్లిలోని భారత్ బయోటెక్ తయారుచేసింది. అవి 2015లో విడుదలయ్యాయి. 2016 నుంచి సర్కారు టీకాల్లో చేరాయి. పిల్లకు 6, 10, 14 వారాలప్పుడు చుక్కలు వేయించాలి. మేడ్చల్‌లోని శాంతా బయోటెక్నిక్స్ 2009లో కలరాకు తాగే టీకా తెచ్చింది. మందు ఊరి పక్కనే తయారై, ఊళ్ళోని పిల్లకు వేయించకపోతే ఏం లాభం?

చేసి చూడండి

1. ఆశా దగ్గర ఒక ఓఆర్‌ఎస్ ప్యాకెట్ అడిగి తెచ్చుకోండి. ఎన్ని గ్రాములు, ఎంత నీరు, ఏ తేదీ దాకా వాడవచ్చు? చదివి పలక మీద రాయండి.

2. లీటరు సీసాతో నీళ్ళు కొలిచి మీ ఇంటి చెంబులో పోయండి. నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయో అక్కడ మేకుతో గీత గీయండి. రాత్రిపూట దీపం లేకున్నా ఆ గీత వేలికి తగులుతుంది.