రేవు నుంచి లోకల్ రైలులో

ఉద్దేశం: స్వతంత్రంగా ప్రయాణించేవారికి కాలనియమం ఎంత అవసరమో తెలపడం.

విహారనౌక రేవు చేరిన నాడు ప్రయాణికుని ముందు రెండు మార్గాలుంటాయి. ఓడవారు ఏర్పాటు చేసిన బస్సులో బృందంతో వెళ్లడం మొదటిది. లోకల్ రైలెక్కి తనంత తానుగా ఊరు చూడడం రెండవది. 2003లో ఎం.ఎం.టి.ఎస్. మొదలైనప్పటి నుంచి హైదరాబాదు వాసులకు లోకల్ రైలు పరిచితమే. అయితే మన నగరానికి సముద్రం లేదు. కనుక చెన్నై రేవును ఉదాహరణగా తీసుకుందాం. 2022లో అక్కడి నుంచే విశాఖపట్నానికి విహారనౌక నడిచింది.

చెన్నై రేవుకు ఎదురుగా బీచ్ స్టేషన్ ఉంది. అక్కడి నుంచి తాంబరానికి 1931లోనే విద్యుత్ రైళ్లు మొదలయ్యాయి. ఫోర్ట్, పార్క్ స్టేషన్లు దాటగానే ఎగ్మూరు వస్తుంది. అక్కడి ప్రభుత్వ మ్యూజియంలో ఒకనాడు అమరావతి స్తూపాన్ని అలంకరించిన సున్నపురాతి శిల్పాలు ఉన్నాయి. కృష్ణాతీరపు కళను తెలుగువారు అక్కడ కన్నులారా చూడవచ్చు. శుక్రవారం మాత్రం మ్యూజియానికి సెలవు.

స్వేచ్ఛతో పాటు బాధ్యత కూడా వస్తుంది. ఓడవారి బృందం ఆలస్యమైతే ఓడ సాధారణంగా వేచి ఉంటుంది. విడిగా వెళ్లినవారి కోసం ఆగదు. వారు తరువాతి రేవుకు సొంత ఖర్చుతో చేరుకోవలసిందే. అందువల్ల ఓడ గడియారాన్ని బట్టి కాలాన్ని లెక్కించాలి. గడువుకు రెండు గంటల ముందే తిరుగు రైలెక్కాలి. రేవు ద్వారం వద్ద తనిఖీకి పట్టే సమయాన్ని మరువరాదు. రైలు తప్పితే మరొక రైలు వస్తుంది; ఓడ తప్పితే మరొక ఓడ రాదు.

ప్రశ్నలు
1. ఎగ్మూరు మ్యూజియం తెలుగువారికి ఎందుకు ముఖ్యమైనది?
2. విడిగా వెళ్లే ప్రయాణికులు పాటించవలసిన జాగ్రత్తలేవి?